తెల్లగా పుట్టిన మా చెల్లెలు

నా చిన్నప్పుడు, పోలీస్ యాక్షన్ జరిగిన ఏడు, మా చెల్లెలు పుట్టింది. మెదక్‌లో ఉండేవాళ్ళం. ఇంట్లో అందరమూ చామనఛాయే. చెల్లెలు మాత్రం పాలలా తెల్లగా ఉండేది. వెంట్రుకలు మక్కజొన్న పీచు రంగు. వెలుతురు పడితే కళ్ళు గట్టిగా మూసుకునేది.

మా అమ్మ అంతకుముందు రెండేళ్ళుగా ఒక తెల్లదొర బంగ్లాలో వంటపని చేసేది. వాడకట్టుకు అంతకన్నా ఏం కావాలి? నీళ్ళకు పోయినచోట అమ్మను చూసి ఆడవాళ్ళు మాటలు ఆపేసేవాళ్ళు. నాయన కేకలు వేయలేదు. అమ్మ వడ్డిస్తే తినడం మానేశాడు. పురుడైన నెలకు, "మీ అవ్వగారింటికి పో" అన్నాడు. అంతే. పుట్టింటికి పోవడానికి అమ్మ బట్టలు మూట కట్టుకుంది. కానీ రజాకార్ల భయానికి బండ్లు నడవడం లేదు. ఆ మూట దర్వాజ పక్కనే చాలా రోజులు ఉండిపోయింది. అమ్మ ఏడవలేదు. నాకూ ఏడుపు రాలేదు. ఇంట్లో ఎవరో పోయినట్టు ఉండేది, ఎవరో తెలిసేది కాదు.

పోలీస్ యాక్షన్‌కు యూనియన్ ఫౌజ్ వచ్చిన కొద్దిరోజులకు, ఊళ్ళో గొడవలకు భయపడి, కౌడిపల్లి నుంచి మా చిన్న నాయనమ్మ నడుచుకుంటూ వచ్చింది. మా నాయనమ్మకు చెల్లెలు. మా అమ్మానాయనలది మేనరికం కాబట్టి ఆమె నాయనకు చిన్నమ్మ, అమ్మకు మేనత్త.

వచ్చీ రాగానే చెల్లెలిని ఒళ్ళో వేసుకుని చాలాసేపు చూసింది. మూట సంగతి అడిగింది. నేనే చెప్పాను. ఆమె లేచి గడప దగ్గరికి పోయి, "జర ఇటు రాండ్రి" అని పక్కిళ్ళ ఆడవాళ్ళను పిలిచింది.

"నా కొడుకు పుట్టంగనే సచ్చిండని అందరికి చెప్పిన. సావలే. పదకొండేండ్లు బతికిండు. గిట్లనే తెల్లగ ఉండె. నలుగురు ఏమంటరో అని లోపటి అర్రల దాచి సాకిన. మా ఊరికి ఏ దొర రాలే. మా ఇంటాయన నా మేనమామ కొడుకే."

తర్వాత నాయన వైపు తిరిగింది. "మీ అమ్మ, నీ పెండ్లాం నాయన, నేను ఒక్క కడుపుల పుట్టినోళ్ళం. ఈ తెలుపు మా నెత్తురుల ఉన్నది, నీ నెత్తురుల సుత ఉన్నది. పొమ్మనేదుంటే నన్ను పొమ్మను."

చింతపండులో గింజలు తీస్తూ చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆ కొడుకు పేరు కూడా చెప్పింది.

నాయన బయటికి పోయి మధ్యాహ్నానికి వచ్చి పీట మీద కూర్చున్నాడు. అమ్మ వడ్డించింది, తిన్నాడు. తప్పైందని మాత్రం అనలేదు. అమ్మ మూట విప్పింది గానీ, చనిపోయేదాకా ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు. కన్నకొడుకును దాచిపెట్టిందని ఆడవాళ్ళు ఇక చిన్న నాయనమ్మ గురించి గుసగుసలాడారు. ఆమె వారం ఉండి వెళ్ళిపోయింది.

చాలా ఏళ్ళకు ఒక డాక్టరమ్మ నాకు వివరంగా చెప్పింది. ఒంటికి రంగునిచ్చే జన్యువు పాడైతే ఇట్లా పుడతారట. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, పాడైనవి రెండూ కలిస్తేనే బయటపడుతుందట. దగ్గరి సంబంధాల్లో అట్లా కలవడం ఎక్కువట. అప్పటికి చెల్లెలు లేదు. చూపు సరిగా ఆనకపోయినా చదువుకుంది. ఎండకు చర్మం పుండ్లు పడి, నలభై దాటకుండానే పోయింది.

మా ఇంట్లో ఎవరి పెళ్ళి మాట వచ్చినా, అడగకముందే నేను ఈ సంగతి చెప్పేస్తాను. మనవరాలికి మా అన్న మనవణ్ణి అనుకున్నప్పుడూ చెప్పాను. ఆ సంబంధం ఆగిపోయింది. నా కూతురు ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. ఐనా చెబుతాను. మా చెల్లెలి పేరు చెప్పి, నేనెన్నడూ చూడని ఆ పదకొండేళ్ళ పిల్లవాడి పేరు కూడా చెబుతాను.