నీడన పెట్టమన్న కారు

ఓనరుగారు పెట్టమన్న చోటే కారు పెట్టాను. దెబ్బ తగిలాక ఆ మాట తాను అననేలేదన్నారు. నాకు జరిగిన అన్యాయం ఇదే.

కరోనాకు ముందటి వేసవి అది. అప్పట్లో నేను గవర్నర్‌పేటలో యాక్టింగ్ డ్రైవర్‌ని. సొంత కారు ఉన్నవాళ్లు దూరం వెళ్లాల్సి వచ్చినప్పుడు ఆ ఒక్క రోజుకీ పిలిపించుకునే డ్రైవర్‌ని అలా అంటారు. దీనికి నెల జీతం ఉండదు. "మనిషి మంచివాడు, బండి జాగ్రత్తగా చూస్తాడు" అని ఒక ఓనరు ఇంకో ఓనరుకి ఫోన్లో చెప్పే మాటే మా ఉద్యోగం. నాకు బడి చదువు లేదు. కార్లతో ఇచ్చే పుస్తకాలు కూడబలుక్కుని చదివి బండి సంగతులు నేర్చుకున్నాను. అప్పటిదాకా నా చేతిలో ఏ కారుకీ గీత పడలేదు.

ఆ రోజు ఒక బట్టల వ్యాపారిగారిని, ఆయన భార్యను పామర్రులో బంధువుల గృహప్రవేశానికి తీసుకెళ్లాను. కొత్త కారు. ఆ వీధిలో నీడంటే రెండు కొబ్బరిచెట్లదే. ఆయన అటు చూపించి "అక్కడ పెట్టు" అన్నారు.

"కాయలు ముదిరి ఉన్నాయండీ. అవతల స్కూలు గోడ పక్కన పెడతాను."

"ఏం కాదులేవయ్యా. ఎండలో పెడితే తిరిగెళ్లేటప్పుడు సీటు మీద కూర్చోగలమా? పెట్టు."

ఆవిడ ఆయన పక్కనే, వెనక సీట్లో ఉంది. పెట్టాను.

భోజనాలవుతుండగా కాయ పడింది. బానెట్ మీద గిన్నె పట్టేంత సొట్ట. జనం చేరారు. ఆయన బావమరిది నోరు విప్పేదాకా ఓనరుగారు మామూలుగానే ఉన్నారు.

"ఏం బావా, కొత్త కారుకి పూజ చేసి కొబ్బరికాయ కొట్టలేదా? అదే వచ్చి కొట్టుకున్నట్టుందే."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. నావైపు తిరిగారు.

"బుద్ధుందా నీకు? చెట్టు కింద ఎవరు పెట్టమన్నారు?"

"మీరేనండీ."

"నీడన పెట్టమన్నాను. కొబ్బరిచెట్టు కింద పెట్టమన్నానా?"

నేను ఆవిడ వైపు చూశాను. "అమ్మగారూ, మీరు విన్నారు కదా. ఒక్క మాట చెప్పండి." ఆవిడ కొంగు సర్దుకుంటూ బానెట్ వైపే చూస్తూ ఉండిపోయింది.

"తాళం ఇచ్చి బస్సెక్కి పో" అన్నారాయన. కారు తానే నడుపుకుని వెళ్లారు.

తర్వాత నాకు ఫోన్లు తగ్గాయి. "బండి ఎక్కడపడితే అక్కడ పెట్టేస్తావటగా" అని ఒక పాత ఓనరు ముఖం మీదే అడిగారు. నేను ఆ వ్యాపారిగారి కొట్టుకి వెళ్లి, నేను ముందే వద్దన్న సంగతి నలుగురికీ చెబితే చాలన్నాను. "అయిపోయిందాన్ని ఇంకా తవ్వుతావేమయ్యా" అని పంపేశారు. చివరకు స్టీరింగ్ వదిలేసి ఒక లాడ్జికి కాపలా ఉంటున్నాను. డ్రైవర్ పని నాకు నేర్పింది ఇది: కారు ఎక్కడ పెట్టాలో చెప్పేది ఓనరే. దెబ్బ తగిలితే మాత్రం పెట్టింది డ్రైవరు.

పోయిన ఏడాది ఆ వ్యాపారిగారి భార్య మా లాడ్జి ముందు ఆటో కోసం నిలబడి కనిపించింది. నన్ను గుర్తుపట్టింది. కాయలున్నాయని నేను చెప్పడం ఆ రోజు విన్నారా, లేదా అని అడిగాను.

"విన్నానండీ. మీరు చెప్పారు, ఆయనే పెట్టమన్నారు. మీరైతే ఏదో బస్సెక్కి వెళ్లిపోతారు. నేను ఆ కార్లో ఆయన పక్కన కూర్చుని ఇంటికి రావాలి కదండీ."