తెరిచిన కన్నమే తాళం

నెల్లిమర్లలో కంప్యూటర్ మీద టైపు కొట్టిపెట్టే మా డీటీపీ మాస్టారు పోయారు. ఆయన కొట్టు మెట్టు మీద నా చేపల బుట్ట ఇంకా దించనేలేదు, లోపలి నుంచి వాళ్లావిడ ఏడుపు వినిపించింది. ముందురోజు సాయంత్రమే నెత్తళ్లు బేరమాడి, "రేపు కాస్త పెద్దవి తే అమ్మా" అన్న మనిషి. ఆ పెద్దవి బుట్టలోనే ఉన్నాయి. గుండె ఆగిపోయిందట. అలా ఎలా ఆగిపోతుంది?

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. పాత సామాను పట్టుకు వేలాడిన పిచ్చోడని ఆయన్ని బజారంతా అంది. కాదని చెప్పడానికే ఇది.

మా అక్క చేపలు ఎండబెడుతూ పాడే పాటలు ఆమెతోనే పోయాయని నేను ఏడిస్తే, "నీకు వచ్చినవి పాడు, నేను టైపు కొడతాను" అన్నారు మాస్టారు. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో నేను పాడేదాన్ని, ఆయన టైపు కొట్టేవారు. నేను తడబడితే కళ్లద్దాల పైనుంచి చూసేవారు. అన్నీ అయ్యాక అరచేతంత నల్ల పలకలోకి, ఫ్లాపీ అంటారే, దాన్లోకి ఎక్కించి, దాని మూలనున్న ప్లాస్టిక్ ముక్కను గోటితో జరిపారు. చిన్న కన్నం తెరుచుకుంది.

"తాళం వేసీసేను," అన్నారు.

"కన్నం తెరిసీసి తాళమంతావేటి మాస్టారూ? మా వలకి కన్నముంటే సేపలన్నీ పోతాయి."

"ఇందులోంచి వెలుతురు దూరితే దీన్ని సదివే డ్రైవు కొత్తగా రాయదు, ఉన్నది సెరపదు. సదవడం మాత్రం సదువుతాది. కంప్యూటర్‌కి సెప్పి వేసిన తాళం ఇంకోడు సెప్పి తీసెయ్యగలడు. ఇది ఎవడి మాటా ఇనదు."

"అయితే నాలాటిదే."

"నీకన్నా నయం. తిట్టదు."

కర్మ అయ్యాక ఆయన బావమరిది కొట్టు ఖాళీ చేయడానికి కూర్చున్నాడు. అన్నీ చెరిపేసి కంప్యూటర్ అమ్మేస్తాడట. అందులోనూ నా పాటలు ఉండేవి. కంప్యూటర్‌కి మాస్టారు మాటతో వేసిన తాళం తీసి, నేను వెళ్లేసరికే చెరిపేశాడు. అప్పుడు ఫ్లాపీ పెట్టి విసుక్కుంటున్నాడు.

"ఇది సెరగదేటి?"

"సెయ్యి తియ్యరా! అందులో మా అక్క పాటలున్నాయి."

"పాతది ముసలమ్మా, పాడైపోయుంటాది."

"పాతదైతే పాడైపోద్దేటి? నన్ను సూడు! మీ బావ తాళమేసేడు. సదివి సూడు."

మాస్టారి భార్య వచ్చి తమ్ముణ్ణి కుర్చీలోంచి లేపేసింది. తెర మీద వచ్చిన మొదటి పాట చదవబోయి, మధ్యలో ఆగిపోయింది. మిగిలింది నేను అందుకున్నాను. పాడుతూ ఆయన కుర్చీ వైపు చూశాను, తప్పు పాడితే చూస్తారని. ఖాళీ. ఆయన లేరని అప్పుడు తగిలింది.

పాటలన్నీ ఆమె కాగితం మీదకి తీయించి, ఫ్లాపీ నాకిచ్చింది. గోటితో జరిపితే పోయే తాళం, అందుకే ఎవరినీ ముట్టనివ్వను. బుట్ట ఎత్తుకునే ముందు దాన్ని పొద్దుటి ఎండకి పట్టి చూస్తాను. ఆ కన్నంలోంచి బియ్యపుగింజంత వెలుతురు నా అరచేతిలో పడుతుంది.