తమ్ముడి పక్కటెముకలు

నిన్న సాయంత్రం వాకిట్లో, కాఫీ పళ్ళు ఆరబోసిన టార్పాలిన్ అంచున, మా అమ్మాయి తమ్ముణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, చొక్కా పైకెత్తి, నీలం స్కెచ్ పెన్నుతో వాడి పక్కటెముకల మీద ఒక్కొక్క గీతే పెడుతోంది. నాలుగేళ్ళ వెధవ చక్కిలిగింతలకి మెలికలు తిరిగి నవ్వుతున్నాడు. తొమ్మిదేళ్ళ అక్క మాత్రం నవ్వడం లేదు. ఆ నవ్వని ముఖం చూసి దగ్గరికి వెళ్ళాను.

“ఏటి సేత్తన్నావే?”

“హవ్వని సెయ్యడానికి ఆదాముది ఒకటి దేవుడు తీసేసాడు కదా. ఈడూ మగోడే, ఈడికీ ఒకటి తక్కువుండాల. మూడుసార్లు లెక్కెట్టానమ్మా, నాకెన్నో ఈడికీ అన్నే.” గొంతు తగ్గించింది. “మరి ఈడిని దేవుడు సెయ్యలేదేటి?”

రెండు నెలలుగా మా వీధి చివర గదిలో ఒకామె పిల్లలకి ఉచితంగా ట్యూషన్ చెబుతోంది. ఏ సంఘం తరఫున వచ్చిందో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. బైబిల్లో ఒక్క మాట ఉన్నదున్నట్టు కాకపోతే మొత్తం అబద్ధమేనని చెప్పిందట. అనుమానంతో పుస్తకాల సంచీ వెతికాను. నేను కొనిచ్చిన రాకాసి బల్లుల బొమ్మల పుస్తకంలో కోట్ల ఏళ్ళ లెక్కలున్న ఆరు పేజీలు అన్నం మెతుకులతో అంటించి ఉన్నాయి. మా ఆయనకి చూపిస్తే, “బైబిలే కదే నేర్పుతంది, పేకాట కాదు కదా” అన్నారు. పేకాటయితే నాకు ఇంత భయం ఉండేది కాదు. తమ్ముడికి పెన్నుతో పరీక్ష పెట్టిన పిల్ల, రేపు వాణ్ణి ఏ కళ్ళతో చూస్తుంది?

ఇప్పుడు రాస్తుంటే అవ్వ ఆనపబుర్ర గుర్తొస్తోంది. మా అవ్వ, అంటే నాన్నకి అమ్మ, జ్ఞానస్నానం పుచ్చుకుంది, ఆదివారం చర్చిలో పూజ తప్పదు, అయినా కొండ కథలు మానలేదు. వరదొచ్చి లోకమంతా మునిగిపోతే ఒక అన్నా చెల్లెలూ ఆనపకాయలో దాక్కుని బతికారనీ, మనమంతా వాళ్ళ పిల్లలమేననీ చెప్పేది. అంబలి నింపుకుని కొండ పోడుకి మోసుకెళ్ళే ఎండిన బుర్ర గోడకి వేలాడుతుండేది. అప్పుడు నాకూ తొమ్మిదేళ్ళే. లోపల వాళ్ళ అడుగుల జాడలుంటాయని రోకలితో దాన్ని పగలగొట్టాను. రెండు ఎండు గింజలూ, పులిసిన వాసనా తప్ప ఏమీ లేవు. అవ్వ వచ్చి చూసి నెత్తి బాదుకుంది. “కత ఇనమన్నాను గానీ గుంటా, బుర్ర పగలగొట్టమన్నానేటే!”

అవ్వ అబద్ధాలు చెబుతోందని వెళ్ళి ఫాదర్ గారికి ఫిర్యాదు చేశాను. ఎక్కణ్ణుంచో వచ్చి మా కొండల్లో ముసలివాడైపోయిన మనిషి. కడుపు పట్టుకుని నవ్వి, ఎదురు ప్రశ్న వేశారు. “సూర్యుణ్ణి నాలుగో రోజున కదమ్మా చేశాడు? మొదటి మూడు రోజులూ తెల్లారిందని ఎలా తెలిసింది?” “ఆరు రోజులనే నమ్మేవాళ్ళని మన క్యాథలిక్ శ్రీసభ తప్పుపట్టదు. అలాగే నమ్మి తీరాలనీ అనదు. చేసింది దేవుడు, మనలో ఆత్మని పెట్టింది దేవుడు, అది వదులుకోకు. ఎన్నాళ్ళు పట్టిందో రాళ్ళని చదివేవాళ్ళని చెప్పనీ.” ఈయనకి విశ్వాసం పోయినట్టుందని అవ్వకి చాడీ చెప్పాను. చాన్నాళ్ళు ఆయన ప్రసంగాలు కూడా అనుమానంగానే విన్నాను. ఇప్పటికీ నా అనుమానాలు పూర్తిగా తీరలేదు. ఆ మాటల్ని నాకు వీలుగా గుర్తు పెట్టుకున్నానేమో!

ఇవాళ పొద్దున్నే తడిగుడ్డతో పేజీలు విడదీశాను. ఒక బల్లి తోక చిరిగింది. తమ్ముడి పక్కటెముకల మీద నీలం గీతలు రుద్దుతుంటే అమ్మాయి గుమ్మంలోనే నిలబడింది, దగ్గరికి రాలేదు. ఇద్దర్నీ చెరో మోకాలి మీద కూర్చోబెట్టుకున్నాను.

“ఆదాము ఒంట్లోంచి తీస్తే ఆదాముకే తగ్గుద్ది, తమ్ముడికెందుకు తగ్గుద్దే? మీ ఇద్దర్నీ చేసింది ఆ దేవుడే. ఈరోజు ట్యూషన్‌కి నేనూ వచ్చి నీ పక్కనే కూర్చుంటాను.”

“మరి ఆరు రోజులో?” అంది, ఇంకా నమ్మకుండా.

“నాకు తెలీదమ్మా. ఇంత గుంటవి, నిన్ను నా కడుపులో తయారు చెయ్యడానికే ఆయన తొమ్మిది నెలలు తీసుకున్నాడు. ఇన్ని కొండలకి తొందరపడి ఉంటాడంటావా?”