పెదాలు కనిపిస్తేనే వినపడే చెవులు

ఆ సాయంత్రం మా ఆవిడ లక్ష్మీదేవి పొయ్యి వైపు తిరిగి రొట్టెలు కాలుస్తోంది. గడప మీద కూర్చున్న మా అబ్బాయి శీను ఏదో అన్నాడు, ఆమె ఏదో బదులిచ్చింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను దగ్గరికి రాగానే ఇద్దరూ మాట ఆపేశారు. ఒళ్లు మండింది.

నాకు చెవుడనే ఆలోచనే రాలేదు. మాది మరమగ్గాల షెడ్డు. చిన్నప్పటి నుంచీ ఆ మోతలోనే పని. అంత మోతలోనూ ఎవరేమన్నా నాకు తెలుస్తుంది. అక్కడ వినపడేవాడికి ఇంట్లో వినపడదా? కావాలనే గొంతు తగ్గిస్తున్నారని, నన్ను షెడ్డు నుంచి తప్పించాలని చూస్తున్నారని తేల్చుకున్నాను. ఇద్దరితోనూ మాటలు తగ్గించాను.

శీను పోరు పడలేక మా ఊళ్లోనే ఒక షాపులో వినికిడి మిషను కొన్నాను. పరీక్షా లేదు, పాడూ లేదు. చెవిలో రబ్బరు బుడిపె పెట్టి, నా మొహంలోకి చూస్తూ, "వినపడతాండాదా అప్పా?" అన్నాడు షాపాయన. వినపడింది. తీరా ఇంటికొస్తే గిన్నెల మోతకు చెవులు చిల్లులు పడ్డాయి, మాటలు మాత్రం ముద్దగానే ఉన్నాయి. తల తిప్పితే ఈల. తీసి బీరువాలో పడేశాను. షాపాయన, మావాడు కుమ్మక్కయ్యారేమోనని కూడా అనుకున్నాను.

చివరికి కడపలో ఈఎన్‌టీ డాక్టరుకు చూపించారు. వినికిడి పరీక్ష చేయించి, ఆ ఆడియోగ్రామ్ చూసి ఆయన, "శబ్దానికి లోపలి చెవి దెబ్బతినింది. దీనికి మందుల్లేవు," అంటూ వినికిడి మిషన్లు అమర్చే ఆడియాలజిస్ట్ మేడం దగ్గరికి పంపారు. ఈమె ఇంకో మిషను అంటగడుతుందని ముందే అనుకుని కూర్చున్నాను. ఆమె మూతికి కాగితం అడ్డం పెట్టుకుని ఏవో మాటలు చెప్పసాగింది.

"మూతికి అడ్డం యాల పెడతాండావమ్మా? ఏం దాస్తాండావు?" అన్నాను.

ఆమె కాగితం తీసేసింది. "మీరు చెవితో వినడంల్యా పెద్దాయనా. పెదాలు చూసి తెలుసుకుంటాండారు. మగ్గాల కాడ అందరికీ ఇదే అలవాటు."

పొయ్యి వైపు తిరిగిన లక్ష్మీదేవి వీపు గుర్తొచ్చింది.

పాత మిషను అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచుతోందట. నాకు తగ్గింది స, ష లాంటి సన్నటి శబ్దాలే. "ఈ కొత్త మిషను ముందు ట్రయల్‌కు తీసుకపోండి, కుదరకుంటే తెచ్చియ్యండి," అంది. చెవి అచ్చు తీసి, నా చెవికి సరిగ్గా పట్టే మౌల్డ్ చేయించింది. చెవిలో సన్నటి గొట్టం పెట్టి, లోపలికి ఎంత శబ్దం చేరుతోందో కొలిచి సెట్టింగ్ మార్చింది. అయినా మొదట్లో నా గొంతు నాకే కుండలో తలపెట్టి మాట్లాడినట్టు వినిపించింది. ఇదీ మోసమే అనుకుంటూ మళ్లీ వెళ్లాను. మౌల్డ్‌కు గాలి రంధ్రం పెద్దది చేసింది, సెట్టింగ్ ఇంకాస్త సరిచేసింది. షెడ్డులో మాత్రం మిషను తీసేసి, మోత తగలకుండా ఇయర్ ప్లగ్స్ పెట్టుకోమంది.

కొన్నాళ్లకు లక్ష్మీదేవి అటు తిరిగి అంట్లు తోముతూ శీనుతో అంటోంది: "మీ నాయన్ను షెడ్డు మాన్పించల్ల రా. ఉండే రవ్వంత వినికిడీ పోతే, ఇంగ నేను ఎవురితో మాట్లాడల్ల?"

ప్రతి మాటా వినపడింది. నన్ను షెడ్డు నుంచి తప్పించాలని చూస్తున్న మాట నిజమే. ఎందుకో మాత్రం అన్నాళ్లూ నా చెవిన పడలేదు. ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు షెడ్డు శీను నడుపుతున్నాడు. నేను నూలు బేరాలు చూసుకుంటున్నాను. అనుమానపు బుద్ధి మాత్రం పోలేదు, మిషను కొనేటప్పుడు మీకూ అది ఉండాలి. ఎదురుగా కూర్చున్నవాడి మాట వినపడిందని నమ్మకండి. ఇంటి మనిషిని వెంట తీసుకెళ్లి, మీ వీపు వెనక నిలబడి మెల్లగా మాట్లాడమనండి. అది వినపడేదాకా సెట్టింగ్ మార్పించుకుంటూనే ఉండండి.