మోతి తిన్న దుబాయి పోగులు

మా అమ్మాయి ఫ్రిజ్‌లోంచి మేక కార్జం తీసి పీట మీద పెట్టిందో లేదో, జగిత్యాలలోని మా వంటిల్లంతా ఆ పచ్చి వాసన కమ్ముకుంది. తన కుక్కకు ప్యాకెట్లలో వచ్చే పొడి తిండి మాన్పించి తాజా మాంసం అలవాటు చేస్తోంది. పచ్చిది తింటే అరుగుదల బాగుంటుందని ఎక్కడో చదివిందట. అయితే ఒక్కసారిగా పెట్టకూడదట, కాస్త కాస్త పెంచాలట. "మీ మోతికి ఏం పెట్టేటోళ్లమ్మా?" అని అడిగేసరికి నాకు నవ్వాగలేదు.

మోతి మా కుక్క అంటే తప్పవుతుంది. మేడిపల్లి దగ్గర మా ఊళ్లో, మా గల్లీ మొత్తానికి అదొక్కటే కుక్క. పొద్దున మా ఇంట్లో మజ్జిగ కలిపిన జొన్నగట్క, మధ్యాహ్నం ఎవరింట్లోనో గంజి, ఎండాకాలం మేం ముంజలు జుర్రుకుని పారేసిన తాటిబుర్రలు, వానాకాలం తాటిపండ్ల పీచు, ఏది పెడితే అది తిని, కడుపులో తేడా చేస్తే గట్టు మీద గడ్డి కొరికి, కక్కి, ఏమీ ఎరగనట్టు తోక ఊపుకుంటూ వచ్చేది. మాంసమంటే దానికి దసరానాడు దొరికే ఒకటీ అరా ఎముకలే.

మా బాపు తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. వానలు మొహం చాటేసిన ఆ ఏడు తాళ్లు కూడా సరిగా కల్లు పారక బాపు దుబాయి పోయాడు. గల్లీలో మిగతా మగవాళ్లలో సగం మంది భీవండి మగ్గాలకో, ఎడారికో దారి పట్టారు. ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని బీడీలు చుట్టేవారు, ఆ తునికాకు వాసన మధ్యే మేం గచ్చకాయలు ఆడేవాళ్లం. అంత కరువులోనూ దసరాకు గల్లీ అంతా కలిసి ఒక మేకను కోసి, మోదుగాకుల్లో పోగులు పెట్టుకోవడం మానలేదు. ఇంటి మగమనిషి పేరున ఒక పోగు. ఆసారి పోగులు పెడుతున్న పెద్దమనిషి, "ఊళ్లె లేనోళ్లకెందుకు?" అని చెయ్యి ఆపేసరికి మా నాయినమ్మ కొంగు బిగించి లేచింది.

"లేనోడేంది? నా కొడుకు బతుకవోయిండు గని సచ్చిండా? పెట్టు పోగు!"

చారెడు పోగు పెట్టారు. తీరా ఇంటికి తెచ్చాక మా అవ్వకు, అంటే అమ్మకు, వండడానికి చేతులు రాలేదు, మొగడు లేకుండా మొగడి వంతు గొంతు దిగదు కదా. నాయినమ్మే తీర్పు చెప్పింది: "వాని జాగల ఇల్లు కాస్తున్నది గిదే. దీనికే పెట్టు." మోతి ముందు ఆకు పరిచాం. అది చూసి మిగతా ఆడవాళ్లూ తమ మగల పోగులు పట్టుకొచ్చారు. కార్జం ముక్కలు, కొవ్వు, బోటి, అన్నీ పచ్చివే. మోతి దుబాయినీ భీవండినీ ఒక్క పూటలో మింగేసింది. ఏడాదంతా గట్క తిన్న కడుపు, ఓర్చుకుంటుందా? సాయంత్రానికి పొట్ట ఉబ్బి, కక్కుతూ, విరేచనాలతో కూలబడిపోయింది.

అప్పుడు పట్టుకుంది అసలు భయం. మగవాళ్ల పేరు మీద తిన్న కుక్క చస్తే, దూరాన ఉన్న ఆ మగవాళ్లకేమవుతుంది? నేను మోతి మెడ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. పండగ చీరల్లోనే ఆడవాళ్లంతా దాని చుట్టూ చేరి, ఒకామె వాము నీళ్లంటే ఇంకొకామె అల్లం రసమంటూ గోల.

"ఏం పొయ్యకుండ్రి," అని నాయినమ్మ అందరినీ కసిరింది. "కడుపు ఖాళీ కానియ్యుండ్రి."

మర్నాడు పల్చటి మజ్జిగ, ఆ తర్వాత మజ్జిగలో పిసికిన మెత్తని అన్నం. మోతి నాకింది, లేచి ఒళ్లు విదిలించుకుంది, గల్లీలోకి వచ్చిన గాజులాయన మీదికి మొరుగుతూ ఉరికింది. ఆయన గాజుల మలారం పట్టుకుని అరుగెక్కి తిడుతుంటే ఆడవాళ్లు చప్పట్లు కొట్టి నవ్వారు, ఆ సంబరంలో అందరూ ఆయన చేతే గాజులు వేయించుకున్నారు. మా బాల్యంలో అంతటి పండగ నేను మళ్లీ చూడలేదు.

బాపు తిరిగొచ్చినప్పుడు చేతిలో పెట్టె లేదు. చిక్కిపోయి, తల దించుకుని గడపలోనే నిలబడ్డాడు. నాయినమ్మ ఆయన రెండు చెంపలూ పట్టుకుంది.

"నీ పోగు మోతి అరిగించుకున్నది కొడుకా. పానంతోని ఇంటికచ్చినవ్, గది సాలు."

బాపుకు ఏమీ అర్థం కాలేదు. మేమంతా ఒకేసారి చెప్పబోయి నవ్వుల్లో పడిపోతే, చివరికి ఆయనా నవ్వాడు.

ఇప్పుడు ఆ గల్లీలో దసరాకు ఎవరి మాంసం వాళ్లు నల్ల కవర్లలో తెచ్చుకుంటున్నారు. దుబాయి పోయేవాళ్లు పోతూనే ఉన్నారు. వాళ్లకూ ఒక పోగు పెట్టమని కొట్లాడే మనుషులే లేరు.