హెడ్ క్లర్కు సారుకు నేను తెచ్చిన పూలదండ

నా జీవితంలో నేను ఒక పెద్దమనిషిని చంపాను. ఆదివారం పొద్దున పదకొండింటికి చంపి, అదేరోజు మూడింటికి ఆయన ఇంటికే పూలదండ పట్టుకుని పోయాను. మీరు పోలీసుల దగ్గరికి పరుగెత్తకుండా చివరిదాకా చదవండి. చదివాక కూడా పోవాలనిపిస్తే పోండి, నేను కాదనను. భయపడడానికి నా దగ్గర ఇప్పుడు ఏమీ మిగల్లేదు. ఉన్న భయమంతా ఆ ఒక్క రోజే ఖర్చు చేసేశాను.

అరవైల నాటి మాట. మాది శంకరంపేట. మెదక్ తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి అప్పటికి ఏడాది కావస్తోంది. నౌకరీ ఖాయం కావాలంటే నా ఫైలు మీద హెడ్ క్లర్కు వెంకట్రాజం సారు ఒక మంచి మాట రాయాలి. ఆయన దగ్గర మంచి మాట దొరకడమంటే నడి ఎండాకాలంలో మంజీరకు వరద రావడమే. నేను రాసిన ప్రతి కాగితాన్నీ కళ్ళద్దాలకు ఆనించుకుని చూసి, "నర్సింలూ, గిది అక్షరమా, చీమ చచ్చిందా?" అని అడిగేవారు.

నాకు ఇద్దరు దోస్తులు. మిషన్ బడిలో పంతులు శామ్యూల్, బజారులో దర్జీ కరీం. నేనూ శామ్యూలూ ఖిల్లా కింద ఒకే గదిలో ఉండేవాళ్ళం. వారంలో ఆరు రోజులు కిరోసిన్ స్టవ్వు మీద శామ్యూల్ వండేవాడు. అతని పప్పు ఒకరోజు అన్నంలో కలిసేది కాదు, ఇంకోరోజు అన్నమే ఆ పప్పులో కనబడేది కాదు. అందుకని ఆదివారం కోసం మేము ముగ్గురం ఉపవాసం ఉన్నవాళ్ళలాగా కాచుకుని కూర్చునేవాళ్ళం. చర్చిలో శామ్యూల్ ఆరాధన అయిపోగానే బయట తిండి. ఒక్కోసారి బస్టాండు పక్క హోటల్లో, ఒక్కోసారి టిఫిన్ కారియర్ నింపించుకుని పోచారం చెరువు కట్ట మీద.

ఆ ఆదివారం చెరువు వంతు. వాళ్ళిద్దరూ ఒక సైకిలు మీద ముందు పోయారు. హోటల్లో కూర నింపించుకుని రెండో సైకిలు మీద రావడం నా పని. కరీం వాళ్ళ అమ్మ ఇచ్చిన, ఊళ్ళో ఇంటింటా ఉండే రకం నాలుగు గిన్నెల సత్తు టిఫిను పట్టుకుని హోటలుకు పోయాను. అడుగు గిన్నెలో బగారన్నం, పైగిన్నెల్లో మాంసం కూర, పుల్లటి ఖట్టా, ఉల్లిగడ్డ ముక్కలు. "భాయ్, కారం జర దబాయించి ఎయ్యి" అన్నాను. హోటలాయన మాట నిలబెట్టుకునే మనిషి. మూత పెట్టేటప్పుడే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అక్కడి నుంచి తిన్నగా చెరువుకు పోయుంటే ఈ కథ లేదు. కానీ దారిలో దవాఖాన ఉంది. దవాఖానలో వెంకట్రాజం సారు ఉన్నారు. టైఫాయిడ్ వచ్చి మూడు వారాలైంది. జ్వరం తగ్గింది కానీ ఇంకా గంజి మీదే ఉంచారు. నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. నా గొప్ప ఆలోచనలన్నీ ఖాళీ కడుపుతోనే వస్తాయి. 'ఆదివారం పూట కూడా నౌకరీ మర్చిపోకుండా వచ్చిండని సారు మనసు కరుగుతుంది, ఫైలు కదులుతుంది' అనుకుని సైకిలు ఆపాను.

సారు మంచం కిటికీ పక్కన. ఆయన భార్య అనసూయమ్మ మందులు తేవడానికి బయటికి పోయినట్టుంది, లేదు. సారు పై కప్పును చూస్తూ పడుకుని ఉన్నారు. రెండు చేతులా దండం పెట్టాలి కదా, టిఫిను కిటికీలో పెట్టి దండం పెట్టాను.

"ఎవరు? నర్సింలా? ఐతారం గూడ ఆఫీసు మొకమేనా నాకు?"

"ఎట్లున్నరో చూసిపోదామని వచ్చిన సార్."

"ఎట్లుంట? మూడు వారాల సంది గంజి. నాలుకకు బూజు పట్టింది." అంతలో ఆయన ముక్కు కదిలింది. కుందేలు ముక్కులాగా రెండుసార్లు అటూ ఇటూ తిరిగింది. "ఏందిరా, ఏదో వాసనొస్తుంది?"

పథ్యంలో ఉన్న మనిషి ముందుకు మాంసం తెచ్చానని తెలిస్తే నా ఫైలు కిటికీలోంచి పోతుంది. "బయట ఎవరో వండుతున్నట్టున్నరు సార్! మీరు పండుకోండ్రి సార్!" అని వెనక్కి చూడకుండానే చెయ్యి చాపి, టిఫిను అందుకుని, ఒకటే పరుగు.

కిటికీలో ఎన్ని టిఫిన్లున్నాయని మీరు అడుగుతారు. మీకున్నంత తెలివి ఆ రోజు నాకు లేదు.

చెరువు కట్ట మీద కరీం, శామ్యూల్ దస్తీ పరిచి, దాని మీద ఆకులు పరిచి, ఆ ఆకుల ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. శామ్యూల్ కళ్ళు మూసుకుని భోజనానికి దేవుడికి కృతజ్ఞతలు చెప్పాడు. కరీం బిస్మిల్లా అని మూత తీశాడు. తీసి, మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తీశాడు.

"క్యా రే, గిదేంది?"

మొదటి గిన్నెలో పలుచటి మజ్జిగ. రెండో దాంట్లో ఉడకబెట్టిన సొరకాయ, ఉప్పు కూడా చూపించనిది. మూడోది, నాలుగోది గంజి.

"మజాక్ జేస్తున్నవా? అసలుది ఏడ దాసిపెట్టినవ్?" అని కరీం నా సైకిలు వెనకంతా వెతికాడు.

శామ్యూల్ ఆకలికి ఓర్చుకునే రకం కాదు. ఒక దోసెడు గంజి తాగి, ముఖం అదోలా పెట్టి, "ఎవలకో పానం బాగలేనట్టుంది" అన్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది. రొట్టె విరిగి నేతిలో పడిందంటారు. మా మాంసం విరక్కుండానే సారు మంచం పక్కన పడింది. జరిగిందంతా చెప్పాను.

"టైఫాయిడా?" శామ్యూల్ చేతిలోని గిన్నె కింద పెట్టేశాడు. "అరే, టైఫాయిడ్ల గట్టి ముక్క తింటే పేగు తెగుతదంటరు! మా బడి వాచ్‌మన్ బామ్మర్ది గట్లనే ఒక్క పూరీ తిని..."

"తిని?"

"తిన్నడు. గంతే."

"తినడేమోలే" అన్నాను ఏడుపు గొంతుతో. "వాసన చూసి పక్కకు పెడతడు. చదువుకున్న మనిషి."

కరీం నా భుజం మీద చెయ్యి వేశాడు. "మూడు వారాలు గంజి తాగినోని ముందట గా హోటల్ సాలన్ పెడితే, చదువు ఏం జేస్తది భై?"

తిరుగు ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. పది మైళ్ళ దారి. ముగ్గురం, రెండు సైకిళ్ళు. రెండుసార్లు నా సైకిలు చెయిను ఊడింది, రెండుసార్లూ దాన్ని ఎక్కించింది శామ్యూలే. దారి పొడుగునా సారును తలుచుకున్నాను. ఆయన చీమ అన్న ప్రతి అక్షరం గుర్తొచ్చింది, ఎంత ప్రేమగా అన్నారో అనిపించింది. ఎదురుగా ఎవరైనా తెల్ల ధోవతి కట్టుకుని వస్తే చాలు, కబురు తెస్తున్నాడేమోనని బ్రేకు పట్టేవాణ్ణి. వెనకనుంచి కరీం సైకిలు వచ్చి గుద్దేది.

దవాఖాన చేరి లోపలికి పరుగెత్తాను. కిటికీ పక్క మంచం ఖాళీ. పరుపు చుట్టి పెట్టారు. నర్సమ్మ దుప్పటి మడుస్తోంది.

"అమ్మా... గీ మంచం మీది సారు?"

"గాయినెనా? పోయిండు."

నేను గోడ పట్టుకున్నాను. "పోయిండా? ఎప్పుడు?"

"గంటయితుంది. తిన్నడు, తేన్చిండు, పోయిండు."

"డాక్టర్ సాబ్ లేకుండెనా?"

"ఉండె. చూసి చీటీ రాసిచ్చిండు."

చావు చీటీ కూడా రాసేశారు! "ఆయన... ఇంటామె?"

"గామెనే రిక్షాల ఏసుకొని తీసుకపోయింది. పాపం, కండ్లనీళ్ళు పెట్టుకున్నది. మూడు వారాలు ఎంత సేవ జేసిందో!"

నేను ఇంకేమీ అడగలేదు. అడగాల్సిన మాట ఒక్కటే ఉండె, అది మాత్రం నాకు తట్టలేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూలబడ్డాను. "పోయిండు" అన్నాను. వాళ్ళిద్దరూ టోపీ ఒకరు, తలగుడ్డ ఒకరు తీసి నిలబడ్డారు.

"ఠాణాకు పోదామా, ఇంటికి పోదామా?" అన్నాను.

"ముందుగాల ఇంటికి" అన్నాడు శామ్యూల్. "ఆమె కాళ్ళ మీద పడి నిజం చెప్పు. నిజం చెప్తే మనసు తేలికయితది." ఈ శామ్యూల్ ఇచ్చిన సలహాలన్నీ అతని పప్పులాంటివే. వినడానికి బాగుంటాయి, మింగాక తెలుస్తుంది. కరీం బజారుకు పోయి ఒక బంతిపూల దండ తెచ్చాడు.

సారు ఇల్లు ఒక ఇరుకు గల్లీలో. వాకిట్లో పదీ పన్నెండు జతల చెప్పులు. అరుగు మీద ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కూర్చుని మెల్లగా మాట్లాడుకుంటున్నారు. నాకున్న కాస్త ఆశా చచ్చింది.

"ఏడ్పులు ఇనొస్తలేవు" అన్నాడు కరీం.

"దుఃఖం ఎక్కువైతే గొంతు రాదు" అన్నాను. ఆ సమయంలో నా గొంతు మాత్రం ధారాళంగా వచ్చింది. అనసూయమ్మ గడపలోకి రాగానే ఆమె కాళ్ళ మీద పడిపోయి, గల్లీ మొత్తానికి వినబడేట్టు బావురుమన్నాను.

"అమ్మా! నేనే చంపిన అమ్మా!"

ఆమె బెదిరిపోయి వెనక్కి జరిగింది. "ఎవర్ని నాయినా?"

"సారును!"

"మా సారునా? ఎప్పుడు?"

"పొద్దుగాల పదకొండింటికి! టిఫిను మారింది. మీ గంజి నేను తీసుకపోయిన, మా మాంసం సారుకు పెట్టిన! గీ పాపం ఏ గంగల కడుక్కోవాలె!"

అరుగు మీద మాటలు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఇంట్లోంచి ఒక వెక్కిళ్ళ శబ్దం వచ్చింది. దాని వెంట ఒక గొంతు. ఆ గొంతు నాకు ఏడాదిగా తెలుసు.

"ఎవర్రా గాడ ఏడ్సేది?"

తలెత్తి చూశాను. లోపల పడక కుర్చీలో వెంకట్రాజం సారు కూర్చుని ఉన్నారు. ముఖం కళకళలాడుతోంది. మూడు వారాల్లో ఆయన ముఖంలో అంత రక్తం నేను చూడలేదు. ఆయన నన్ను చూశారు, నా వెనక కరీం చేతిలోని దండను చూశారు, దండ వెనక తల వంచి ప్రార్థన మొదలుపెట్టిన శామ్యూల్‌ను చూశారు.

"నర్సింలూ" అన్నారు నెమ్మదిగా, వెక్కిళ్ళ మధ్య. "బతికున్నోనికి దండ తెచ్చినవ్ సరే. నన్ను బతకనియ్యవా?"

ఆ మాట అర్థం కావడానికి నాకు ఇంకొంచెం సేపు పట్టింది. అనసూయమ్మ అప్పటిదాకా అరుగు మీది వాళ్ళకు చెబుతున్నది తన గంజి మహిమ గురించేనట. మూడు వారాల గంజి ఇవాళ పనిచేసిందనీ, పొద్దున్న అన్ని గిన్నెలూ ఖాళీ చేశాడనీ, జన్మలో గ్లాసు కడగనోడు గిన్నెలు కూడా తనే కడిగి పెట్టాడనీ, డాక్టర్ వచ్చి చూసి నాడి గట్టిగా ఉంది, ఇంటికి పోవచ్చని చీటీ రాసిచ్చాడనీ. ఆ గిన్నెలు ఎందుకు కడిగాడో, వెక్కిళ్ళు ఎందుకు తగ్గడం లేదో ఆమెకు ఇప్పుడు తెలిసింది. నా పుణ్యాన గల్లీకంతా తెలిసింది.

ఆమె భర్తను ఒక్క చూపు చూసింది. సారు వెక్కిళ్ళు టక్కున ఆగిపోయాయి.

తర్వాత నా వైపు తిరిగింది. "మరి గా గంజి ఏం జేసిండ్రు? పారబోసిండ్రా?"

చూడండి, ఇక్కడ నిజం చెప్పి ఉంటే బతికిపోయేవాణ్ణి. కానీ ఆ రోజుకు సరిపడా నిజం అప్పటికే చెప్పేశాను, ఇంకా చెప్పాలంటే భయమేసింది.

"అయ్యో, పారబోస్తమా అమ్మా! తాగినం."

"ఎట్లుండె?"

"మస్తుండె అమ్మా! గసొంటి గంజి మా శంకరంపేటల గూడ తాగలే. సొరకాయ అయితే... అమృతమే!"

ఆమె ముఖంలో మబ్బు విడిపోయింది. "ఇన్నరా?" అంది భర్తతో. "పిల్లలకు తెలిసింది దాని రుచి, మీకు తెల్వలే." మాతో అంది: "ఇంగ ఐతారం ఐతారం మీరు ముగ్గురు గీడికే తిననీకి రాండ్రి. సారు పథ్యం అయ్యేదాక ఆయన పక్కకు కూసొని తినుండ్రి. మిమ్ముల జూసి ఆయన గూడ తింటడు. హోటళ్ళల్ల పాడు తిండ్లు ఎందుకు మీకు?"

కరీం నన్ను చూసిన చూపు ఇప్పటికీ నా వీపుకు గుచ్చుకునే ఉంది.

ఆరు ఆదివారాలు. ఆరు ఆదివారాలు మెదక్‌లో నాలుగు వైపులా పొయ్యిల మీద మసాలాలు వేగుతుంటే, మేము ముగ్గురం సారు పక్కన వరుసగా కూర్చుని గంజి తాగాం. ప్రతి గుక్కకూ అనసూయమ్మ "ఎట్లుంది?" అనేది. ప్రతి గుక్కకూ ముగ్గురం "మస్తుంది" అనేవాళ్ళం. శామ్యూల్ ఇంటికొచ్చి తన పప్పు తనే పొగుడుకుంటూ తినేవాడు.

మూడో ఆదివారమో నాలుగోదో గుర్తులేదు. అనసూయమ్మ లోపలికి పోయిన సమయం చూసి సారు నా చెవి దగ్గరికి వంగారు.

"నర్సింలూ, గా రోజు నువ్వు తప్పు టిఫిను పట్టుకుంటుంటే నేను సూసిన."

నా గొంతులో గంజి అడ్డం పడింది. "సూసిండ్రా సార్? మరి పిలువకపోతిరి?"

"పిలుద్దామనుకున్న" అన్నారు వెంకట్రాజం సారు, కళ్ళద్దాలు సర్దుకుంటూ. "నోట్లె నీళ్ళు నిండి మాట రాలే."

ఆయన మళ్ళీ డ్యూటీలో చేరిన రోజే నా ఫైలు మీద ఒక మంచి మాట రాశారు. ఆ మాట ఏమిటో నాకు చూపించలేదు. నేనూ అడగలేదు.

ఆనాటి నుంచి నాకొక వ్రతం ఉంది. చుట్టాలు ఎంత దగ్గరివాళ్ళయినా సరే, దవాఖానకు చూడడానికి పోయేటప్పుడు చేతిలో ఏమీ పట్టుకోను. అరటిపండు కూడా. పిసినారోడని ఊరంతా అన్నా సరే. గడప దాటేముందు ఒకసారి రెండు చేతులూ చూసుకుంటాను, బయటికి వచ్చాక ఇంకోసారి చూసుకుంటాను. మనిషి ఉత్త చేతులతో వచ్చి ఉత్త చేతులతోనే పోవాలని పెద్దలు చెప్పింది జీవితం గురించి అని అందరూ అంటారు. అది దవాఖానల గురించి అని నా నమ్మకం.