మూసిన స్లైడుకు రెండు పేర్లు

పోయిన శనివారం మా మారేడ్‌పల్లి ఫ్లాటులో, నా దగ్గర ట్రాంబోన్ నేర్చుకోవడానికి వచ్చే తొమ్మిదో తరగతి అమ్మాయి స్లైడు పూర్తిగా లోపలికి లాక్కుని చక్కగా ఒక స్వరం ఊది, దీని పేరేమిటి సార్ అన్నట్టు నా వంక చూసింది. బళ్ళో పాఠాలు చెప్పి, పెళ్ళిళ్ళలో, క్లబ్బుల్లో, ఊరేగింపుల్లో ఊది ఊది పెదవులు అరగదీసుకున్న మనిషిని, రెప్పపాటులో చెప్పాలా వద్దా? "సి" అన్నాను. కాదు కాదు, "బి ఫ్లాట్" అన్నాను. ఆ పిల్ల ముసిముసిగా నవ్వుకుంది. తనకేం, నవ్వుతుంది. ఈ తికమక నన్ను పట్టుకుని ఒక జీవితకాలం గడిచిపోయింది.

ట్రాంబోన్ ఎరగని వాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. అది ఇత్తడి బాకా, కానీ నొక్కడానికి మీటలేవీ ఉండవు. ముందుకీ వెనక్కీ జరిగే పొడవాటి గొట్టం ఉంటుంది, దాన్నే స్లైడు అంటాం. చెయ్యి ఎక్కడ ఆపితే ఏ స్వరం వస్తుందో తెలిపే గుర్తు ఒక్కటీ దాని మీద ఉండదు; చెవి చెప్పాలి, చెయ్యి వినాలి. దీనికి తోడు స్వరాలు రాసుకునే పద్ధతులు రెండు. మా చర్చి బాండు వాళ్ళు, ఎవరైనా రాకపోతే వాళ్ళ వాయిద్యాన్ని పక్కవాడు అందుకోవడానికి వీలుగా దాదాపు అందరికీ ఒకే లెక్కలో రాసుకునేవారు. ఆ లెక్కలో స్లైడు మూసి ఊదితే వచ్చేది సి. మిలిటరీ బాండు వాళ్ళు చెవికి వినబడేదాన్నే రాసుకుంటారు. వాళ్ళకది బి ఫ్లాట్. మన సికింద్రాబాద్‌లో ఒకే గుమ్మం మీద పాత ఇంటి నంబరూ కొత్త ఇంటి నంబరూ రెండూ రాసి ఉండేవి చూడండి, అలాంటిదే. ఇంత తేలికగా ఇప్పుడు చెబుతున్నాను గానీ, ఇరవై ఏళ్ళ వయసులో ఈ సంగతి నాకు చెప్పిన నాథుడు లేడు.

నాకు మొదట నేర్పింది మా నాన్న. గుంటూరు వైపు నుంచి రైల్వే గుమాస్తాగా ఇక్కడికి వచ్చి, పగలంతా ఆఫీసు చూసుకుని, సాయంత్రాలు చర్చి బాండును నడిపేవాడు. స్లైడు నున్నగా జారడానికి అమ్మ కోల్డ్ క్రీము దొంగిలించి రాసి పైన నీళ్ళు చిలకరించేవాడు, అమ్మేమో డబ్బా ఇంత తొందరగా ఎలా అయిపోతోందని మమ్మల్నందరినీ అనుమానించేది. మా ఇంట్లో తండ్రితో మాట్లాడటమంటే ఆయన చెప్పింది వినడమే. ఎదురు ప్రశ్న వేయడం మాకు అలవాటు లేదు, వేస్తే ఏమవుతుందో చూసినవాళ్ళూ లేరు.

డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరక్క తిరుగుతుంటే, దీంతోనే బతుకుతానంటే బోయిన్‌పల్లిలో ఒకాయన ఉన్నాడు, వెళ్ళి కలువు అన్నాడు నాన్న. ఆ ఒకాయన మిలిటరీ బాండులో పనిచేసి రిటైరై, క్లబ్బు డాన్సులకు ఊదుతూ, ఇంట్లో పిల్లలకు నేర్పుతూ ఉండే మాస్టారు. నాన్నకు ఆయనెలా తెలుసో నేను ఆలోచించలేదు. మొదటి రోజే బి ఫ్లాట్ ఊదమన్నారు. నాన్న నేర్పిన చోటికి చెయ్యి చాచి ఊదాను.

"ఏందిరా గిది? స్లైడు మొత్తం లోపలికి గుంజు. గదీ బి ఫ్లాట్."

మా నాన్న దీన్ని సి అంటాడండీ అని నసిగాను. మాస్టారు పకపకా నవ్వారు. "గట్లనా? అయితే పోయి మీ నాయననే అడుగు పో."

వెటకారమనుకున్నాను. ఇంటికొచ్చి అడగాలనే అనుకున్నాను కూడా. కానీ ఏమని అడగను? అడిగితే, నువ్వు చిన్నప్పటి నుంచి నాకు తప్పు నేర్పావు అని మొహాన అన్నట్టే కదా. అడగలేదు. బోయిన్‌పల్లిలో ఒక మనిషిని, ఇంట్లో ఇంకో మనిషిని అయిపోయాను. సిటీ బస్సులో వస్తూ పోతూ, ఇప్పుడు ఏ లెక్కలో ఉన్నానో నాకు నేనే గుర్తుచేసుకునేవాణ్ణి.

ఇంతలో మారేడ్‌పల్లిలో ఒక బడికి బాండు మాస్టారు కావాలని తెలిసింది. క్రిస్మస్ సెలవులయ్యాక పరీక్ష పెడతారనీ, అక్కడంతా మిలిటరీ లెక్కేననీ మాస్టారు చెప్పి, నా చేత అదే పద్ధతి రేయింబవళ్ళు సాధన చేయించారు. ఆ ఊపులో క్రిస్మస్ ఆరాధనకు వెళ్ళి నాన్న పక్కన కూర్చున్నాను. చర్చి కిటకిటలాడుతోంది. మొదలుపెట్టమని నాన్న చెయ్యి ఎత్తాడు. కాగితం మీద సి ఉంది. నా చెయ్యి మాస్టారి లెక్కలో సి ఉండే చోటికి పోయింది, నా స్వరం అందరి కంటే ఒక మెట్టు పైన మోగింది. రెండో స్వరమూ అంతే, మూడోదీ అంతే. పాట ఎత్తుకున్న జనం నోళ్ళు తెరిచి ఆగిపోయారు. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాన్న చెయ్యి దించి, నా వైపు తిరగకుండానే, "నువ్వు ఊరికే పట్టుకుని కూర్చో" అని మెల్లిగా చెప్పి మళ్ళీ మొదలుపెట్టించాడు.

ఆరాధన అయ్యాక సంఘ పెద్దలతో, ప్రాక్టీసు చాల్లేదండీ, తప్పు నాదేనండీ అంటున్నాడు నాన్న. కొడుక్కే నేర్పుకోలేకపోయాడని వాళ్ళు అనుకోవడం నేను వింటూనే ఉన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికి వెళ్ళాక తిడతాడని చూశాను, తిట్టలేదు. అన్నం దగ్గర కూడా నా వంక అలా చూస్తూ ఉండిపోయాడు. అది కోపమో జాలో నాకు అర్థం కాలేదు.

పరీక్ష గట్టెక్కాను, ఉద్యోగం వచ్చింది. కానీ ఒకే చెయ్యి రెండు లెక్కలు మొయ్యలేదనే భయం పట్టుకుంది. బడిలో పని ఎక్కువైంది, ఇక చర్చి బాండులో కూర్చోలేను నాన్నా అన్నాను. "సరే, నీ ఇష్టం" అన్నాడు. నా కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టడానికి ఆయనకు చాలా కాలం పట్టింది. ఆదివారాలు నేను వెనక బెంచీలో కూర్చుని ఆయన వీపు చూస్తూ పాటలు పాడాను. అలా ఏళ్ళు గడిచాయి, నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు.

ఒకరోజు మాస్టారు పోయారని కబురొస్తే, సాగనంపేటప్పుడు ఊదడానికి నా ట్రాంబోన్ పట్టుకుని బోయిన్‌పల్లి పరుగెత్తాను. ఆయనతో కలిసి పనిచేసిన పాత సిపాయిలంతా వాయిద్యాలు పట్టుకుని వాకిట్లో నిలబడ్డారు. మోండా మార్కెట్ నుంచి అటే వచ్చేశాడు కాబోలు, కూరగాయల సంచితో మా నాన్న కూడా వచ్చాడు. పరామర్శకు వచ్చాడనుకున్నాను. వాళ్ళలో ఒక పెద్దాయన మాస్టారి ట్రాంబోన్ తెచ్చి నాన్న చేతిలో పెట్టి, "జెర నువ్వు సుత ఊదన్నా, దోస్తువి" అన్నాడు. నాన్న సంచి అరుగు మీద పెట్టాడు. నా ట్రాంబోన్‌కు తగిలించుకున్న కాగితం వైపే వంగాడు. అది మిలిటరీ కాగితం. నాన్నా, అది మన లెక్క కాదు అని చెప్పబోయాను. ఈలోగా ఆయన ఊదడం మొదలుపెట్టాడు. ఇంటి నుంచి శ్మశానం దాకా ఒక్క స్వరం తప్పలేదు. పక్కన నడుస్తున్న నేనే నాలుగైదు చోట్ల తడబడ్డాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, నీకు ఆ లెక్క వచ్చా నాన్నా అని అడిగాను.

"ఎందుకు రాదురా? పెళ్ళికి ముందు ఆయనా నేనూ క్లబ్బుల్లో కలిసి ఊదేవాళ్ళం. మీ అమ్మకిష్టం లేదని మానేశాను."

మరి ఆ క్రిస్మస్ రోజు, అన్నాను. మొదటి స్వరానికే నీకు తెలిసిపోయి ఉంటుంది కదా అన్నాను. అప్పుడు నాకు వచ్చింది కోపమే.

నాన్న సంచిలోంచి పైకి వచ్చిన మునక్కాయల్ని లోపలికి తోస్తూ, "నువ్వొచ్చి అడుగుతావని చూశానురా," అన్నాడు. "ఎన్నాళ్ళో చూశాను."

వచ్చే ఆదివారం నీ పక్కన కూర్చుంటాను నాన్నా అన్నాను. ఆయన తలూపాడు. కానీ అప్పటికే ఆయన ముందుపళ్ళు కదులుతున్నాయట, ఆ వారంలోనే డాక్టరు తీసేశాడు. ముందుపళ్ళు లేకపోతే ఈ వాయిద్యం పలకదు. మేమిద్దరం పక్కపక్కన ఊదింది ఆ శవయాత్రలోనే ఆఖరు.

ఇప్పుడు మా మనవలు వాళ్ళ నాన్నను, అంటే మా అబ్బాయిని, కంచం ముందే నిలదీస్తారు. వాడికి తెలిస్తే చెబుతాడు, తెలియకపోతే తెలియదంటాడు. ఆ ఇంట్లో ఎవరి పరువూ పోయినట్టు నాకు కనబడదు. మా తరం వాళ్ళకు ఇది చూస్తే ముచ్చటగానూ ఉంటుంది, ఎక్కడో గుచ్చుకుంటుంది కూడా. నేను అడిగి ఉంటే నాన్న చెప్పేవాడే. నేను అడగకపోయినా ఆయన చెప్పి ఉండాల్సింది. ఇందులో తప్పు ఎవరిదో ఈ వయసులోనూ తేల్చుకోలేకపోతున్నాను, అడుగుదామంటే ఆయన లేడు.